రాజుగారి గడ్డంలో మైకు

ఇప్పుడు నాకు వినపడుతోంది. ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి కంగారు ఉండదని మొదటే రాస్తున్నాను. మునుపటిలా కాదు. అలాగని మునుపటికంటే తక్కువని కూడా అనలేను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాయడం.

నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా తెనాలి చుట్టుపక్కల కాలువ గట్ల మీదే గడిచింది. పొద్దున్నే లాకుల దగ్గర నీటిమట్టం చూసి రాయడం, రాత్రి పడుకోబోయే ముందు డైరీ రాయడం, రెండూ ఒకే అలవాటుగా కలిసిపోయాయి. ఉద్యోగం అయిపోయినా డైరీ ఆగలేదు.

జీతం లేని పని ఇంకొకటి ఉండేది నాకు. మా ఊరి పద్యనాటక సమాజానికి ప్రాంప్టర్ని. నాటకం జరుగుతుంటే స్టేజికి పక్కగా ఉండే సైడ్ వింగ్ తెర వెనకాల పీట వేసుకుని, స్క్రిప్టు ఒళ్ళో పెట్టుకుని, నటుడు మాట మరిచిపోతే అందించేవాణ్ణన్నమాట. వినడానికి ఇంతే. కానీ స్టేజి మీద మనిషి ఆగాడంటే, మరిచిపోయి ఆగాడా, కావాలని ఆగాడా అన్నది తెలియాలి. కావాలని ఆగినవాడికి మాట అందిస్తే వాడి నటన చెడుతుంది. మరిచిపోయినవాడికి అందించకపోతే నాటకం చెడుతుంది. అందించిన మాట వాడికి వినపడాలి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి వినపడకూడదు. మంచి ప్రాంప్టరంటే అసలక్కడ లేనట్టే ఉండాలి.

నేను ఎక్కువగా అందించింది మా బావమరిది రామకోటికి. మా ఆవిడ సుభద్రకి స్వయానా తమ్ముడు. రేపల్లెలో రైసుమిల్లు గుమస్తాగా చేసి మానేశాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మా సమాజంలో రాజు వేషాలన్నీ వాడివే.

చెవి పోయిన రోజులు

ఒక చెవి ఎప్పుడో మందగించింది. రెండోది ఒక జ్వరం తర్వాత పోయింది. జ్వరం తగ్గిన పొద్దున సుభద్ర కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి పెదవులు కదుపుతోంది. ఆవిడకి గొంతు పోయిందనుకున్నాను. "వేణ్ణీళ్ళతో పుక్కిలించు" అన్నాను. అన్న మాట నాకే వినపడలేదు. అప్పుడు తెలిసింది.

చెవి మిషన్లు పెట్టి చూశారు. పనిచేయలేదు. ఇంట్లోకి ఒక పలక వచ్చింది. సుభద్ర దాని మీద సుద్దముక్కతో రాసి చూపించేది. "అన్నం." "కరెంటు బిల్లు." "తమ్ముడు వచ్చాడు." అవసరమైన మాటలన్నీ పలక మీదికి వచ్చాయి. అవసరం లేని మాటలు రాలేదు. పక్కింటివాళ్ళ కుక్క గురించి ఎవరు పలక మీద రాస్తారు? అరిచి అరిచి ఆవిడకీ గొంతు రాసుకుపోయింది, నాకూ విసుగు పెరిగింది. ఒకరోజు నేనేదో అంటే పలక బోర్లించి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా ఇంట్లో అంతకంటే పెద్ద పోట్లాట జరగలేదు, దాంట్లో మాత్రం ఒక్క మాటా లేదు.

నాటకాలకి వెళ్ళడం మానేశాను. రామకోటి వచ్చినప్పుడల్లా పలక లాక్కుని ఏదో ఒక వెక్కిరింత రాసేవాడు. "బావా, నీకు వినపడదని తెలిసి అప్పులవాళ్ళందరూ మీ ఇంట్లో ప్రశాంతంగా మాట్లాడుకుంటున్నారు." నవ్వించేవాడు. కానీ వాడి చేతిరాత వణుకుతోందని గమనించాను.

గుంటూరు, ఎండాకాలం

చెవి లోపల ఒక పరికరం అమర్చి, చెవి వెనక మిషను తగిలించే ఆపరేషను ఉందని డాక్టరుగారు చెప్పారు. భయపడ్డాను. ఈ వయసులో తల కోయించుకోవడం ఎందుకని బంధువులు అన్నారట. సుభద్ర పలక మీద ఒకే మాట రాసింది. "వెళ్దాం."

ఆపరేషను గురించి రాయడానికి పెద్దగా లేదు. నిద్రపోయాను, లేచాను, తలకి కట్టు ఉంది, లోకం తిరిగింది. గాయం మానాక మిషను ఆన్ చేసే రోజు కోసం వెయిటింగ్ హాల్లో కూర్చున్నాం. మా పక్కన ఒక చిన్నపాప తల్లితో వచ్చింది. పాప తలకి గులాబీరంగు బిళ్ళ అంటుకుని ఉంది. నా గుండు మీద ఆపరేషను మచ్చని చాలాసేపు చూసి, తన బిళ్ళ పీకి, మళ్ళీ అంటించుకుని చూపించింది. అయస్కాంతంతో అంటుకుంటుందన్నమాట. నాకు ధైర్యం చెప్పడానికే ఆ పని చేసిందని ఇప్పటికీ అనుకుంటాను.

వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు చిన్నమ్మాయి. మిషను ఆన్ చేసింది. రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టయింది. ఆ గులకరాళ్ళే ఆ అమ్మాయి మాటలట. ఏడుపొచ్చింది. ఇదా వినడం? వారాలు గడిచే కొద్దీ గులకరాళ్ళు అక్షరాలయ్యాయి, అక్షరాలు మాటలయ్యాయి. డైరీలో "ఈరోజు విన్నవి" అని కొత్తగా రాయడం మొదలుపెట్టాను. తాళింపు. గేటు గొళ్ళెం. కాకి, అది కాకే అని సుభద్ర చెప్పాక. నా చెప్పుల చప్పుడు విని వెనక్కి తిరిగి చూశాను, ఎవరో వస్తున్నారని.

పద్యం మాత్రం రాలేదు. రాగం తీస్తే కిటికీ తలుపు కిర్రుమన్నట్టుండేది. సంగీతం ఆఖరున వస్తుందండి, కొందరికి రాదు కూడా అని ఆ అమ్మాయి ఉన్నమాట చెప్పింది. అబద్ధం చెప్పనందుకు మనసులో నమస్కారం పెట్టుకున్నాను.

తెనాలి, వానాకాలం

రామకోటి ఒకరోజు పలక అడగకుండా నా ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, మాట మరిచిపోతున్నాను" అన్నాడు.

"ఏ మాట?"

"ఏదైతే ఏంటి? నోటికొచ్చినవే. మొన్న రిహార్సల్లో రెండుచోట్ల నిలబడిపోయాను. బాపట్ల నాటక పరిషత్తులో వేసేదానికి రాజు వేషం ఇంకొకడికి ఇద్దామంటున్నాడు మన సమాజం కార్యదర్శి."

ఆ నాటకం మా సమాజంలో ఒక మాస్టారు రాసింది. ముసలి రాజు కొడుక్కి కిరీటం పెట్టి అడవికి వెళ్ళిపోయే కథ. ఇన్నేళ్ళూ ఆ రాజు రామకోటే. ఇంటి దగ్గర వాడికి వేరే వ్యాపకం లేదు. ఆ వేషం పోతే వాడేమవుతాడో మా ఇద్దరికీ తెలుసు.

"చెవిలో కనపడని ఇయర్‌ఫోను పెట్టి మాట అందిస్తామన్నారు కుర్రకారు" అన్నాడు. "ఒద్దన్నాను. మా ఇంటికి చెవిలో మిషను ఒకటి చాలన్నాను. మా బావ అందిస్తే వేస్తాను, లేకపోతే లేదన్నాను."

"నీకేమన్నా మతిపోయిందా? చెవిటివాణ్ణి ప్రాంప్టరుగా పెట్టుకుంటావా?" అని సుభద్ర కేకలేసింది.

"మతిపోతోందనే కదా అక్కయ్యా అడుగుతున్నాను."

ఆవిడ లోపలికి వెళ్ళి మా ఇద్దరికీ కాఫీ పెట్టుకొచ్చింది.

స్టేజి హడావిడిలో, లౌడుస్పీకర్ల మధ్య నాకు మాట తేలదు. ఆ సంగతి గుంటూరు వెళ్ళి చెబితే, ఆడియాలజిస్టు ఒక చిన్న మైకు తీసింది. అగ్గిపెట్టెకంటే చిన్నది. మాట్లాడేవాళ్ళ బట్టకి తగిలిస్తే తీగ లేకుండానే వాళ్ళ గొంతు తిన్నగా నా మిషన్లోకి వస్తుంది. నా మిషనుకి సొంతంగా ఇంకో మైకు ఉంటుంది, అది చుట్టుపక్కల చప్పుళ్ళు వినిపిస్తుంది. ఈ రెండూ ఏ పాళ్ళలో కలవాలో సెట్టింగు పెట్టుకోవచ్చు.

"చుట్టుపక్కలవి నాకొద్దమ్మా. నాకు మా వాడి గొంతొక్కటే కావాలి. మిగతాదంతా మూసెయ్యి" అన్నాను.

"పూర్తిగానా అంకుల్?"

"పూర్తిగా."

నేను కాలువల మనిషిని. పొలానికి నీళ్ళు కావాలంటే మిగతా షట్టర్లు దించెయ్యడమే తెలుసు. ఆ అమ్మాయి నాటకానికని విడిగా ఒక ప్రోగ్రాము పెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి పద్ధతిగా పరీక్షించాను. సుభద్రకి మైకు తగిలించి పెరట్లోకి పంపి, స్క్రిప్టు చదవమని, నేను వీధిగదిలో కూర్చున్నాను. వీధిలో లారీ పోతోంది, దాని చప్పుడు లేదు. ఫ్యాను లేదు. ప్రపంచమంతా ఆగిపోయి, ఆవిడ గొంతొక్కటే నా తల మధ్యలో పలుకుతోంది. రాజుగారి మాటలు మా ఆవిడ గొంతులో! దూరం మార్చి చూశాను, గది మార్చి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

రేపల్లె

పరిషత్తుకి ముందు రేపల్లెలో ఒక కల్యాణమండపంలో నాటకం వేసి చూసుకుందామన్నారు. తెనాలి నుంచి రైల్లో వెళ్ళాం. మైకు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ. ఉత్తరీయానికి పెడితే పట్టు గరగరలాడుతోంది. హారం దగ్గర పెడితే పూసలు టకటకమంటున్నాయి. చివరికి మేకప్పు ఆయన రాజుగారి తెల్ల గడ్డం లోపల దారంతో కట్టాడు.

"బావా, ఇంక నేను గడ్డం గోక్కున్నా నీకు తెలిసిపోతుంది" అన్నాడు రామకోటి. నిజంగానే గోకి చూపించాడు. నా తలలో చీపురుతో ఊడ్చినట్టయింది.

నాటకం బాగా నడిచింది. పట్టాభిషేకం సీను వచ్చింది. కొడుకు తలమీద కిరీటం పెట్టబోతూ రామకోటి ఆగాడు. చెయ్యి గాలిలో ఉంది. కళ్ళు నా వైపు తిరిగాయి. మరిచిపోయాడు.

అందించాను. "ఈ కిరీటం మోయడం..." అన్నాను, ఎప్పటిలా గుసగుసగా.

గుసగుసగానే అన్నాననుకున్నాను. ముందు వరసలో జనం ఒక్కసారిగా నా వింగు వైపు చూడడం కనపడింది. కొడుకు వేషం కట్టినవాడు కిరీటం కింద నవ్వాపుకోలేక వణుకుతున్నాడు. గడ్డంలోని మైకులోంచి రామకోటి మాట వినపడింది. "నాయనా, ఆకాశవాణి కూడా అదే అంటోంది. ఈ కిరీటం మోయడం..." అని అందుకున్నాడు. హాలంతా పగలబడి నవ్వుతున్నట్టు నోళ్ళు కనపడ్డాయి. నవ్వులు మాత్రం నాకు వినపడలేదు. కన్నీళ్ళు రావలసిన సీను అది.

కాలువకి అవతలి గట్టు మీదున్న లస్కరుని, షట్టర్లు ఎత్తి దించేవాణ్ణి, కేకేసినట్టు కేకేశానట. సుభద్ర తర్వాత చెప్పింది.

రేపల్లె స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. ముగ్గురం ఒకే బెంచీ. కార్యదర్శి దూరంగా నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు, మధ్యమధ్యలో మా వైపు చూస్తూ.

"పోనీలే బావా, నీ మాట వెనక కుర్చీలవాళ్ళకి కూడా వినపడి, టికెట్టు గిట్టుబాటయిందన్నారు" అన్నాడు రామకోటి.

నేను నవ్వలేదు. వాడూ నవ్వడం ఆపేశాడు. "బాపట్లలో కూడా ఇలాగైతే నన్ను తీసేస్తారు" అన్నాడు. "అంతే కదా. తీసేయనీ."

సుభద్ర తమ్ముడి అరచేతికి అంటిన మేకప్పు రంగు కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

మళ్ళీ గుంటూరు

ఆడియాలజిస్టు అమ్మాయి అంతా విని, ఒక్క ప్రశ్న వేసింది.

"అంకుల్, అక్కడ మీరు కూడా మాట్లాడతారా?"

"మాట్లాడకపోతే ప్రాంప్టర్ని ఎలా అవుతానమ్మా?"

"మరి మీ గొంతు మీకు ఎటునుంచి వినపడుతుంది?"

నా గొంతు నాకు వినపడేది నా మిషను మైకులోంచే. దాన్నే కదా పూర్తిగా మూసెయ్యమన్నాను! దూరాలు పరీక్షించాను, గదులు పరీక్షించాను, లారీలు ఫ్యాన్లు పరీక్షించాను. నన్ను నేను పరీక్షించుకోలేదు. అక్కడ లేనట్టే ఉండాలని ఇన్నేళ్ళు అలవాటు చేసుకున్నవాణ్ణి, మిషను సెట్టింగులో కూడా నన్ను లేకుండా చేసుకున్నాను.

ఆ మధ్యాహ్నమంతా సర్దడంతోనే సరిపోయింది. ఆ అమ్మాయి సుభద్ర చీరకి మైకు తగిలించి, "ఆంటీ, వరండా చివరిదాకా వెళ్ళి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి" అని పంపించింది. నేను గదిలో కూర్చుని గుసగుసగా అందించాలి. నా గుసగుస బయట వెయిటింగ్ హాల్లోకి పాకుతోందో లేదో తలుపు దగ్గర నిలబడ్డ నర్సమ్మ చెయ్యి ఊపి చెప్పాలి.

"ఏం మాట్లాడాలి? నాకేం తోచడం లేదు" అని సుభద్ర గొంతు నా తలలో మొదలైంది. "ఇక్కడ కుర్చీలన్నీ చిరిగిపోయాయి. ఈ నర్సమ్మ పెట్టుకున్న మల్లెపూలు ఎక్కడివో, మొగ్గ మంచి సైజులో ఉంది. నిన్న ఆ బండివాడు ముదిరిపోయిన బెండకాయలు ఇచ్చాడండీ, వంచి చూడబోతే చెయ్యి పట్టుకుని లాగేస్తాడు. పక్కింటివాళ్ళ కుక్క మళ్ళీ పిల్లల్ని పెట్టింది, మీకు చెప్పనేలేదు. నాలుగున్నాయి. ఒకదానికి అచ్చం మా తమ్ముడి మొహమే..."

అవసరం లేని మాటలు. పలక మీదికి ఎన్నడూ రానివి. వరండా చివర, గోడ అవతల, నాకు కనపడకుండా ఆవిడ నడుస్తోంది. నాకు మాత్రం పక్కనే కూర్చుని చెబుతున్నట్టుంది. సర్దాల్సిన సెట్టింగు సంగతి మరిచిపోయి వింటూ ఉండిపోయాను. ఆ అమ్మాయి నా మొహం చూసి కంప్యూటరు మీంచి చెయ్యి తీసేసి, కాసేపు అలాగే ఉండనిచ్చింది. ఆ ఉపకారం మరిచిపోలేను.

తర్వాత చెప్పాను. "అమ్మాయీ, పెద్ద కాలవలో చిన్న కాలవ కలిసేచోట చిన్నదాని షట్టరు పూర్తిగా దించెయ్యకూడదు. కాస్త ఎత్తి ఉంచాలి. సన్నటి ధార చాలు."

"అలాగే అంకుల్, ధార ఎంతో మీరే చెప్పండి" అంది.

చుట్టూ చప్పుడు కొంచెం తెరిచింది. మరీ ఎక్కువైంది, ఫ్యాను సుభద్రని మింగేసింది. తగ్గించింది. నా గుసగుస మళ్ళీ పోయింది. ఇంకొంచెం తెరిచింది. అప్పుడు, సుభద్ర గొంతు కింద, దూరంగా, గోనెసంచి ఈడ్చినట్టు ఒక చప్పుడు తగిలింది. అది నా గుసగుస. నేను ఉన్నాను. నర్సమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. ఆవిడకి వినపడలేదు.

ఇలాంటి మిషను పెట్టించుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒకటే మనవి. చిన్న మైకు సెట్టింగు పెట్టించుకునేటప్పుడు, మీరు ఎక్కడ కూర్చుంటారు, ఏం చేస్తారు, మీరూ మాట్లాడతారా, అన్నీ విడమరిచి చెప్పండి. అన్నీ మూసెయ్యమనకండి. రోడ్డు మీద అయితే అది ప్రమాదం కూడా.

బాపట్ల, చలికాలం

కార్యదర్శి ఒప్పుకున్నాడు గానీ, ఆయన స్క్రిప్టు ఇంకొక కాపీ పట్టుకుని అవతలి వింగులో కూర్చున్నాడు. ఇదే ఆఖరి అవకాశమని చెప్పకుండా చెప్పడమది.

రామకోటికి గడ్డం కడుతుంటే ఎదురుగా నిలబడ్డాను.

"బావా, ఆకాశవాణి సెలవులో ఉందా?" అన్నాడు.

"ఉంది. నువ్వెళ్ళు."

తెర లేచింది. ఈసారి జనం ఉన్నారు. దూరంగా, తగ్గించిన రేడియోలాగ ఉన్నారు. హార్మోనియం ఒక గురగుర. దాని మీద రామకోటి మాట, పొడిగా, స్పష్టంగా. పద్యాలు ఎత్తితే రాగం నాకింకా రాలేదు. కానీ ఏ పద్యం ఏ రాగమో నాకు తెలుసు కాబట్టి, మాట మిషన్లోంచీ రాగం జ్ఞాపకంలోంచీ వచ్చి కలుస్తున్నాయి. ఒకచోట వాడు తడబడ్డాడు. అందించాను. నా గోనెసంచి చప్పుడు నాకు వినపడింది. వాడు అందుకున్నాడు. ముందు వరసలో ఒక్క తల కూడా తిరగలేదు. రెండోసారి కూడా అంతే.

పట్టాభిషేకం వచ్చింది. కిరీటం పెట్టేశాడు. ఇంక సెలవు తీసుకునే పద్యం ఉంది. అది అయితే తెర పడుతుంది.

రామకోటి ఆగాడు.

కొడుకు వైపు చూస్తున్నాడు. నా వైపు తిరగలేదు. హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని కూర్చున్నాడు. అవతలి వింగులో కార్యదర్శి నాకు చేతులూపుతున్నాడు, ఇవ్వు, ఇవ్వు అని. పద్యం ఎత్తుగడ, మొదటి మాట, నా పెదవుల మీదికి వచ్చేసింది.

అప్పుడు వినపడింది. గడ్డంలో, మైకుకి ఆనుకుని, వాడి ఊపిరి. చెవులు బాగున్న రోజుల్లో నేను ఏ నటుడి ఊపిరీ వినలేదు. వినడం కుదరని పని. ఇన్నేళ్ళూ భుజాలు చూసి, కళ్ళు చూసి ఊహించేవాణ్ణి. ఇప్పుడు వాడు గుటక మింగడం వినపడింది. ముక్కులోంచి గాలి కొంచెం కొంచెంగా లోపలికి వెళ్ళడం వినపడింది. కంగారుపడ్డవాడి ఊపిరి పైపైన ఆడుతుంది. ఇది అలా లేదు. లాకులో నీళ్ళు నిండినట్టు అడుగునుంచి నిండుతోంది. పద్యం ఎత్తబోయేవాడే అలా నింపుకుంటాడు. నా ఒళ్ళంతా ఆ ఊపిరి నిండినట్టయింది. ఒక మనిషి లోపల మాట పుట్టకముందు ఇంత జరుగుతుందా!

పెదవులు మూసుకున్నాను. కార్యదర్శి తల పట్టుకున్నాడు.

రామకోటి పద్యం ఎత్తాడు.

తెర పడ్డాక సుభద్ర వెనక్కి వచ్చింది. కళ్ళు తుడుచుకుంటోంది. "అలా ఆగావేంట్రా, నా ప్రాణం పోయింది" అని తమ్ముడి వీపు మీద ఒకటి వేసింది. కార్యదర్శి తన కాపీ సంచిలో పెట్టేసుకుని, "వచ్చే నెల కర్లపాలెంలో ఉంది, రాజుగారు ఖాళీయేనా?" అని అడిగి వెళ్ళాడు.

నేను గడ్డంలోంచి మైకు విప్పుతున్నాను. రామకోటి కదలకుండా కూర్చున్నాడు.

"అందించలేదేం బావా?"

"నీకు గుర్తుందని నీ ఊపిరిలో వినపడింది" అన్నాను, కొంచెం గొప్పగానే.

వాడు నా మొహంలోకి చూశాడు. "లేదు బావా. పూర్తిగా మరిచిపోయాను. అక్షరం లేదు. నీ వైపు చూస్తే జనానికి తెలిసిపోతుందని చూడకుండా, నువ్వు అందిస్తావని చెవొగ్గాను. నువ్వు అందించలేదు."

"మరి?"

"మా బావ అందించలేదంటే నాకు వచ్చినట్టే కదా అనుకున్నాను. అప్పుడు ఊపిరి తీసుకున్నాను. వచ్చేసింది."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. వాడు ఆ మాట అన్నాక తీసుకున్న ఊపిరి కూడా నాకు వినపడింది.